పెట్టెలో దొరికిన పాత నాణేలు: గుర్తించడం నుంచి విలువ కట్టడం దాకా

"తాతయ్య పెట్టెలో పాత నాణేలు దొరికాయి, ఎంత వస్తాయి?" అని అడుగుతూ ఒక మసక ఫొటో పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఫొటో చూసి ధర చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ధర అన్నది చివరి మెట్టు. దానికి ముందు నాణెం ఏదో తేల్చుకోవాలి, అసలుదో నకిలీదో చూడాలి, ఎంత అరిగిందో అంచనా వేయాలి. ఈ వరస తప్పితే నష్టపోయేది మీరే.

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి మూడు రకాలు: 1835 నుంచి 1947 దాకా వచ్చిన బ్రిటిష్ ఇండియా నాణేలు, నిజాం నాణేలు, 1950 తర్వాతి భారత ప్రభుత్వ నాణేలు. ఈ వ్యాసం వాటి గురించే. శాతవాహనుల సీసపు నాణేలు, విజయనగర వరహాలు వేరే చదువు. అవి చేతిలో ఉంటే కింద చెప్పిన చట్టం సంగతి ముందు చదవండి.

## 1. మొట్టమొదట: తోమకండి

అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది. నల్లబడిన వెండి రూపాయి కనపడగానే చింతపండుతోనో, విబూదితోనో, టూత్‌పేస్టుతోనో తోమి తళతళలాడించి అప్పుడు ఫొటో తీస్తారు. సేకరించేవాళ్లకు ఆ మెరుపే అపశకునం. భూతద్దం కింద సన్నని గీతలు ఒకే దిక్కుకు బారులు తీరి కనిపిస్తాయి. రాగి నాణెమైతే చింతపండు పులుపుకు పైపొర పోయి గులాబీ రంగు తేలుతుంది. ఆ పైపొరను ఎవరూ తిరిగి తేలేరు. మంచి నాణెం ధర సగానికి పడిపోవడానికి ఒక్క తోముడు చాలు.

పూజలో పెట్టిన రూపాయిలకు పసుపు, కుంకుమ అంటుకుని ఉంటాయి. అక్షరాల సందుల్లో ఎర్రటి పొడి గట్టిపడి ఉంటుంది. దాన్ని గీకవద్దు. గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి నాణేన్ని ఒకరోజు నాననివ్వండి. నీళ్లు మార్చి మరోరోజు ఉంచండి. తర్వాత మెత్తని నూలు గుడ్డ మీద పెట్టి పైనుంచి అద్దండి. రుద్దవద్దు. కొంత మరక మిగిలితే మిగలనివ్వండి.

నూనె జిడ్డు, సెల్లోటేప్ జిగురు, ప్లాస్టిక్ కవరు వల్ల పట్టిన పచ్చటి జిగట మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌తో పోతాయి. గోళ్ల రంగు తుడిచే ద్రావణంలో వేరే నూనెలు, వాసనలు కలుపుతారు కాబట్టి అది వాడకూడదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. స్టవ్‌కు దూరంగా, గాలి ఆడే చోట, గాజు గిన్నెలోనే వాడండి.

## 2. దగ్గర ఉంచుకోవాల్సిన సామాను

- పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం
- 0.01 గ్రాము దాకా తూచే చిన్న డిజిటల్ కాటా
- వెర్నియర్ కాలిపర్ (ప్లాస్టిక్‌ది మేలు, గీతలు పడవు)
- చిన్న అయస్కాంతం
- మెత్తని గుడ్డ, ఒక నోట్‌బుక్

కాటా మీద పొదుపు చేయకండి. మిగతావన్నీ చవకవైనా పని నడుస్తుంది.

నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తండి. కింద గుడ్డ పరుచుకుని దాని మీదే చూడండి. టైల్స్ మీద ఒక్కసారి జారిపడితే అంచు నొక్కుకుపోతుంది.

## 3. నాణెం ఏదో గుర్తించడం

ప్రతి నాణేనికీ ఈ వివరాలు రాసుకోండి: ఎవరి బొమ్మ, ఏ సంవత్సరం, ఎంత విలువది, బరువు, వ్యాసం, అంచు ఎలా ఉంది, టంకశాల గుర్తు.

బ్రిటిష్ ఇండియా రూపాయిలు

1835 రూపాయి మీద నాలుగో విలియం, 1840 నుంచి విక్టోరియా. 1862లో విక్టోరియా కిరీటంతో, 'క్వీన్' అన్న మాటతో కనిపిస్తుంది. 1877 నుంచి ఆ మాట 'ఎంప్రెస్' అయింది. 1903 నుంచి 1910 దాకా ఏడో ఎడ్వర్డ్, 1911 నుంచి ఐదో జార్జ్, 1938 నుంచి ఆరో జార్జ్.

1862 అని ఉన్నంత మాత్రాన ఆ ఏడాదే ముద్రించారని అనుకోకండి. తర్వాత పన్నెండేళ్ల పాటు అదే సంవత్సరం వేస్తూ వచ్చారు. వెనకవైపు పూల నగిషీ దగ్గర ఉండే చిన్న చుక్కల లెక్కతో రకాలు విడదీస్తారు. ఒక రకానికీ మరో రకానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. అందుకే 1862 రూపాయి దొరికితే ముందు చుక్కలు లెక్కపెట్టండి.

1939 దాకా వచ్చిన రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. వెండి 91.7 శాతం. 1940 నుంచి బరువు అదే గానీ వెండి 50 శాతానికి తగ్గింది. అంచు కూడా మారింది. పాతవాటికి నిలువు గీతలు మాత్రమే ఉంటే, 1940 తర్వాతివాటికి అంచు మధ్యలో గాడి, అందులో నగిషీ ఉంటాయి. 1947 రూపాయి నికెల్‌ది, దానిలో వెండి ఏమీ లేదు. 1947 రూపాయి వెనక పులి బొమ్మ చూసి వెండి నాణెమని అమ్మజూపేవాళ్లు ఉన్నారు. అయస్కాంతం దగ్గర పెట్టండి, నికెల్ ఠక్కున అంటుకుంటుంది. వెండి అంటుకోదు.

చిల్లర

అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు, పైసకు 3 పైలు. నాలుగణాలది పావలా, రెండణాలది బేడ. తెలంగాణలో అయితే నాలుగణాలది చారాణ, ఎనిమిదణాలది ఆఠాణ. మధ్యలో చిల్లు ఉన్న పైస (పెద్దవాళ్లు చిల్లి కాణీ అనేది దాన్నే) 1943 నుంచి 1947 దాకా వచ్చింది. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి అలా చేశారు. చూడముచ్చటగా ఉంటుంది గానీ కొల్లలుగా ముద్రించారు కాబట్టి మామూలుగా అరిగినదానికి పెద్ద ధర ఉండదు.

నిజాం నాణేలు

చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. చార్మినార్ గుమ్మంలోకి భూతద్దం పెట్టి చూడండి. అక్కడ ఒక అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంది, 'ఐన్' ఉంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది.

సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. ఉర్దూ రాకపోయినా అంకెలు నేర్చుకోవడం కష్టం కాదు. నిలువు గీత ఒకటి, చుక్క సున్న, ఇంగ్లిష్ వి అక్షరంలా ఉంటే ఏడు, అదే తలకిందులైతే ఎనిమిది. అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. నాణెం మీద 92 అని కూడా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్నే సంవత్సరం అనుకుంటారు. అది ప్రవక్త పేరును సూచించే సంఖ్య, తేదీతో దానికి సంబంధం లేదు.

హిజ్రీని మన లెక్కకు మార్చడానికి ఆ సంఖ్యను 33తో భాగించి, వచ్చినదాన్ని అందులోంచి తీసేసి, 622 కలపండి. ఉదాహరణకు 1340ని 33తో భాగిస్తే సుమారు 41. 1340 లోంచి 41 తీస్తే 1299. దానికి 622 కలిపితే 1921.

1950 తర్వాతివి

1950లో అశోక స్తంభంతో తొలి నాణేలు వచ్చాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయా పైసలు అయ్యాయి, 1964లో 'నయా' అన్న మాట తీసేశారు. ఇక్కడ టంకశాల గుర్తే ముఖ్యం. తేదీ కింద చుట్టూ చూడండి: వజ్రం ఆకారం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది, ఒకే విలువ నాణెం ఒక టంకశాలలో కోట్లలో, మరోదానిలో చాలా తక్కువగా తయారైన సందర్భాలు ఉన్నాయి. సైఫాబాద్ పాత మింట్ ఇప్పుడు మ్యూజియం అయింది. హైదరాబాద్‌లో ఉంటే ఒకసారి చూసి రండి. అచ్చులు, యంత్రాలు కళ్లారా చూస్తే నాణెం మీద గుర్తులు చదవడం తేలికవుతుంది.

## 4. అసలుదేనా?

నకిలీలు అరుదైన వాటికే ఉంటాయనుకోవడం పొరపాటు. మామూలు విక్టోరియా రూపాయిలకూ నకిలీలు ఉన్నాయి. జాతరల్లో, టూరిస్టు ఊళ్లలో గుట్టలుగా పోసి అమ్ముతారు.

బరువు. 11.66 ఉండాల్సిన రూపాయి అరిగి 11.4కో 11.5కో తగ్గడం సహజం. అక్షరాలన్నీ స్పష్టంగా ఉండి బరువు మాత్రం 10 గ్రాములే ఉంటే అనుమానించాల్సిందే.

అంచు, అక్షరాలు. అసలు నాణెం అచ్చుతో కొట్టి తయారు చేసింది, అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. పోత పోసిన నకిలీలో అక్షరాలు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉంటాయి. పైభాగంలో సూది మొనంత గుంటలు కనిపిస్తాయి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటే అక్కడితో ఆ నాణెం సంగతి తేలిపోయినట్టే.

నీటి పరీక్ష. ఇంట్లో చేయగలిగిన వాటిలో నాకు బాగా నమ్మకమైనది ఇదే. వరసగా చేయండి.

1. నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి.
2. ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి.
3. సన్నని దారంతో నాణేన్ని కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు, పక్కలకు తగలకూడదు. బుడగలు అంటుకుని ఉంటే కదిపి వదిలించండి.
4. ఇప్పుడు కాటా చూపించే అంకె రాసుకోండి.
5. మొదటి బరువును ఈ అంకెతో భాగించండి.

91.7 శాతం వెండి రూపాయికి జవాబు 10.3 చుట్టుపక్కల రావాలి, అంటే కాటా 1.13 దగ్గర ఆగాలి. 1940 తర్వాతి 50 శాతం వెండికి 9.5 వస్తుంది. జర్మన్ సిల్వర్‌తో (పేరుకే వెండి, నిజానికి రాగి, నికెల్, జింక్ మిశ్రమం) చేసిన నకిలీకి 8.7 దగ్గర వస్తుంది. తూకం సరిగ్గా ఉన్న నకిలీ కూడా ఇక్కడ దొరికిపోతుంది. అయితే వెండితోనే చేసిన నకిలీలు కొన్ని ఉన్నాయి. అందుకని ఈ ఒక్క పరీక్షతో ఆగకుండా అక్షరాలు కూడా చూడాలి.

అసలు లేని నాణేలు. ఒకవైపు రామ పట్టాభిషేకమో, హనుమంతుడో, మరోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అని తేదీ ఉన్న రాగి బిళ్లలు మన ఊళ్లలో చాలా తిరుగుతాయి. కంపెనీ అలాంటివి ఎప్పుడూ ముద్రించలేదు. ఇవి ఆ తర్వాత ఎవరో చేసిన బిళ్లలు. బియ్యపు గింజల్ని లాగుతుందని, కోట్లు వస్తాయని చెప్పే 'రైస్ పుల్లింగ్' మోసాలు నడిచేది ఇలాంటి రాగి వస్తువులతోనే. ఏ నాణేనికీ ఆ శక్తి లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీని మీద పోలీసు కేసులు అవుతూనే ఉన్నాయి.

## 5. ఎంత అరిగింది?

ధరను నిలబెట్టేది, పడగొట్టేది ఇదే. డీలర్లు వాడే మాటలు: ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, యూఎన్‌సీ. చివరిది అసలు చలామణీలోకే రాని నాణెం.

బొమ్మలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండే చోటే ముందు అరుగుతుంది. విక్టోరియా రూపాయిలో చెంప, జడ, దుస్తుల మీది నగిషీ చూడండి. ఎడ్వర్డ్‌కు కిరీటం ఉండదు, చెవి పైన జుట్టు చూడండి. ఐదో జార్జ్ రూపాయిలో కిరీటం పట్టీ మీది రత్నాలు, కనుబొమ, చెవి చూడండి.

- బొమ్మ ఆకారం తెలుస్తోంది, నగిషీ చాలావరకు పోయింది: ఫైన్
- ఎత్తు చోట్లు చదునైనా నగిషీ చాలావరకు ఉంది: వెరీ ఫైన్
- ఎత్తు చోట్ల కొద్దిపాటి అరుగుదల మాత్రమే: ఎక్స్‌ట్రా ఫైన్
- అరుగుదల లేదు, నాణేన్ని వాలుగా తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది: యూఎన్‌సీ

మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. రూపాయిలను దండలుగా, మొలతాళ్లకు, నడుము పట్టీలకు కొక్కేలు అతికించి వేసుకునేవాళ్లు. కొక్కెం తీసేసినా అంచు దగ్గర మాటు వేసిన మచ్చ, దాన్ని అరగదీసిన చదును ఉండిపోతాయి. మిగతా నాణెం ఎంత బాగున్నా అలాంటిదానికి దాదాపు వెండి ధరే వస్తుంది. మీ సొంత నాణెం కాబట్టి ఒక మెట్టు పైన వేయాలనిపిస్తుంది. అనుమానం ఉన్నప్పుడు కింది మెట్టే రాసుకోండి, తర్వాత డీలర్ దగ్గర నిరాశ ఉండదు.

## 6. విలువ కట్టడం

మొదటి లెక్క, వెండి. 1939 దాకా వచ్చిన రూపాయిలో 11.66 × 0.917, అంటే సుమారు 10.69 గ్రాముల శుద్ధ వెండి. 1940 నుంచి 1945 దాకా వాటిలో 5.83 గ్రాములు. ఆ రోజు గ్రాము ధరతో గుణించండి. లెక్క కోసం గ్రాము 100 రూపాయలు అనుకుంటే మొదటిది 1,069, రెండోది 583. మంచి రూపాయిని ఎవరైనా ఈ అంకె కన్నా బాగా తక్కువకు అడిగితే ఇవ్వకండి. కంసాలి దగ్గర అమ్మితే తరుగు పోతుంది కాబట్టి అక్కడికి ఆఖరున వెళ్లండి.

రెండోది, ఎంత అరుదు. పాతదైతే ధర ఎక్కువ అన్న నమ్మకం వదిలేయండి. 1918 రూపాయికి వందేళ్లు దాటాయి, అయినా విపరీతంగా దొరుకుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి గిరాకీ తట్టుకోలేక అమెరికా తన వెండి డాలర్లను కరిగించి భారత్‌కు పంపింది. అందుకే ఆ ఏళ్లలో ముద్రణ అంత భారీగా జరిగింది. దానికి భిన్నంగా 1939 రూపాయి అరుదు, దానికి తగ్గట్టే నకిలీలు ఎక్కువ. 1911 రూపాయి కథ వేరు. జార్జ్ వస్త్రం మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని అభ్యంతరాలు వస్తే చాలావాటిని వెనక్కి తీసుకుని కరిగించారు. 1911, 1912 రెండూ పక్కపక్కన పెట్టి ఏనుగు తొండం, కాళ్లు చూడండి, తేడా తెలుస్తుంది.

మూడోది, నిజంగా ఎంతకు అమ్ముడైంది. ఆన్‌లైన్‌లో ఎవరో అడుగుతున్న ధర లెక్కలోకి రాదు. లక్ష అని ఎవరైనా పెట్టుకోవచ్చు. ముంబయి తోడీవాలా, బెంగళూరు మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్ క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ వంటి వేలం సంస్థల పాత ఫలితాలు చూడండి. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే స్థాయి నాణెం పలికిన ధరలు మూడో నాలుగో రాసుకుని మధ్యస్థంగా ఉన్నదాన్ని తీసుకోండి. రకం నంబరు తెలుసుకోవడానికి న్యూమిస్టా వెబ్‌సైట్ బాగా ఉపయోగపడుతుంది.

నాలుగోది, మీ చేతికి వచ్చేది. వేలంలో కొన్నవాడు సంస్థకు అదనంగా రుసుము కడతాడు, అమ్మినవాడి దగ్గరా కమిషన్ తీసుకుంటారు. డీలర్‌కు దుకాణం ఖర్చు, లాభం ఉంటాయి. కాబట్టి రాసుకున్న ధర కన్నా తక్కువే చేతికి వస్తుంది. కనీసం ఇద్దరు ముగ్గురు డీలర్లకు చూపించాకే మాట ఇవ్వండి.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు నాణెం అసలుదో కాదో, ఏ స్థాయిదో చూసి ధ్రువీకరిస్తాయి. అలా సర్టిఫై చేయించడం బాగా అరుదైన నాణేలకే. మామూలు రూపాయికి చేయిస్తే నాణెం విలువ కన్నా ఫీజే ఎక్కువవుతుంది.

## 7. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టడం. కొన్నేళ్లకు పచ్చటి జిగట పడుతుంది. అసిటోన్‌తో కడిగి, మైలార్ పొర (పీవీసీ లేని పారదర్శక ప్లాస్టిక్) ఉన్న అట్ట హోల్డర్లలోకి మార్చండి. స్టేపుల్ చేశాక పిన్నును ప్లయర్‌తో అదిమేయండి, లేకపోతే పక్క నాణేన్ని గీస్తుంది.

రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపర్. వీటిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. వెంటనే విడదీయండి. నలుపు పట్టినదాన్ని అలాగే వదిలేయండి.

తేమ. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రం పక్క ఊళ్లలో రాగి నాణేలు త్వరగా పచ్చబడతాయి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మార్చుతూ ఉండండి.

వైష్ణోదేవి నాణేల ప్రచారం. 2012లో వచ్చిన వైష్ణోదేవి 5, 10 రూపాయల నాణేలకు లక్షలు వస్తాయన్న మాట నమ్మకండి. అవి చాలా ముద్రించారు, డీలర్ల దగ్గర చవకగానే దొరుకుతాయి.

ముందు డబ్బు కట్టడం. "మీ నాణేనికి 15 లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ కట్టండి" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు పాత నాణేలు, నోట్ల వ్యాపారంలో లేదని, తన పేరుతో కమిషన్ అడిగేవాళ్లను నమ్మవద్దని 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

## 8. చట్టం

ఇల్లు పునాది తవ్వుతుంటేనో, పొలం దున్నుతుంటేనో నాణేలు బయటపడితే అవి వెంటనే మీవి అయిపోవు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. దాచిపెట్టడం, పంచుకోవడం నేరం. పైగా ఏ మట్టిలో, వేటితో కలిసి దొరికాయన్న సమాచారం చరిత్ర పరిశోధకులకు నాణెమంత విలువైనది. కుండతో సహా దొరికితే కుండను కూడా కదపకండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం: 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. తాతయ్య ఇచ్చాడని 1918 రూపాయిని సూట్‌కేసులో వేసుకుని అమెరికా వెళ్లడం దీని కిందికే వస్తుంది. సెలవుల్లో వచ్చినప్పుడు అలాంటివాటిని ఫొటోలు తీసి, వివరాలు రాసి, ఇక్కడే ఇంట్లోనో బ్యాంకు లాకర్‌లోనో ఉంచి వెళ్లండి. వందేళ్లు నిండనివాటిపై విమానాశ్రయంలో అభ్యంతరం రాకుండా ఉండాలంటే, అవి పురావస్తువులు కావని భారత పురావస్తు శాఖ నుంచి ప్రయాణానికి ముందే ధ్రువపత్రం తీసుకోండి.

## 9. నోట్‌బుక్‌లో ఒక్కో నాణేనికి ఉండాల్సినవి

- వరస సంఖ్య (హోల్డర్ మీద కూడా ఇదే)
- పాలకుడు, విలువ, సంవత్సరం, టంకశాల
- బరువు, వ్యాసం, నీటి పరీక్ష అంకె
- స్థాయి, లోపాలు (కొక్కెం మచ్చ, గీతలు, తోమిన గుర్తులు)
- ఎవరి దగ్గర నుంచి, ఎప్పుడు, ఎంతకు వచ్చింది
- వేలం ఫలితాల్లో చూసిన ధరలు, చూసిన తేదీ
- ఫొటోలు: బొమ్మ, బొరుసు, అంచు. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, వెలుగు ఒక పక్క నుంచి పడేలా

ఈ నోట్‌బుక్ ఎక్కడ ఉందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. వివరాలు రాసి లేకపోతే మీ తర్వాతివాళ్లు మొత్తం డబ్బాను వెండి తూకానికి ఇచ్చేస్తారు.